మక్కీకి మక్కీ మాస్టారు

మక్కీకి మక్కీ మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు రాసేస్తారు. కోర్టులో ముప్పై ఏళ్లు సాక్షుల మాటలు రాసి రాసి, ఆయన చెవికీ వేళ్లకీ మధ్య బుర్రతో పని లేకుండా పోయిందని ఆయన భార్య అంటుంది. ఓసారి ఆవిడ చెబుతుంటే సరుకుల జాబితా రాశారు. "పంచదార కిలో, ఉల్లిపాయలు రెండు కిలోలు, అబ్బా నా నడుము, సబ్బులు నాలుగు." కొట్టువాడు తెలివైనవాడు కనక సరుకులతో పాటు నొప్పుల మందు సీసా కూడా కట్టి పంపాడు.

అలాంటి మనిషి రిటైరయ్యాక యూనివర్సిటీలో పరీక్షలకి స్క్రైబుగా చేరారు. రాయలేని విద్యార్థులు జవాబు చెబుతుంటే రాసిపెట్టడం పని. చరిత్ర ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయికి ఈయన్ని కేటాయించారు. ఆమెకి పుట్టుకతో చూపు లేదు. అందుకని గంటకి ఇరవై నిమిషాలు అదనం, విడిగా ఒక గది ఇచ్చారు. ఆ గదిలో సగం విరిగిన బల్లలే.

అంతకుముందు ఏడాది వచ్చిన స్క్రైబు ఆమె చెప్పిన మూడు పేజీల్ని "సారాంశం ఇదేగా" అని ముప్పావు పేజీకి కుదించి, మార్కులకి నీళ్లు వదిలించింది. అందుకే మాస్టారు మొదటిరోజే, "నువ్వు చెప్పేది చెప్పినట్టే ఉంటుంది అమ్మాయీ, తర్వాత నన్ననకు" అంటే, "అంతకంటే ఏం కావాలి మాస్టారూ" అంది పాపం.

మొదటి పేపర్లో రాజ్య పతనానికి కారణాలు అడిగారు.

"ఒకటి, పన్నుల భారం. రెండోది... ఉండండి మాస్టారూ, పొద్దున్నే చదివాను. సైన్యం. ఛ, కాదు, కొట్టేయండి. కరువు."

అటుగా వచ్చి పేపర్లోకి తొంగిచూసిన ఇన్విజిలేటరు కిసుక్కున నవ్వింది.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదమ్మా. నీ జవాబులో 'ఛ' కూడా ఉంది."

అమ్మాయి గబుక్కున ఇటు తిరిగింది. "మాస్టారూ, అది కూడా రాశారా?"

"రాశాను. ఇప్పుడు నువ్వడిగింది కూడా రాశాను."

"అయ్యో, కొట్టేయండి."

"కొట్టేశాను. కొట్టేయమన్నావని రాసి, అదీ కొట్టేశాను."

ఆయన కొట్టివేతా కోర్టు కొట్టివేతే. సన్నగా ఒక్క గీత గీస్తారు, కింద అక్షరాలన్నీ చక్కగా కనబడుతూనే ఉంటాయి.

అమ్మాయి ఇంటికొచ్చి, "నాకు మనిషిని కాదక్కా, టేపు రికార్డర్ని ఇచ్చారు" అని అక్క దగ్గర మొత్తుకుంది. మర్నాడు ఆఫీసుకెళ్లి మనిషిని మార్చమంటే, గుమాస్తా, "వేరే ఎవరూ ఖాళీగా లేరమ్మా, సర్దుకో" అన్నాడు. ఆరు పేపర్లూ అలాగే సర్దుకుంది.

ఫలితాల్లో ఆమే ఫస్టు. ఆ ఆనందం రెండు రోజులు కూడా నిలవలేదు. స్క్రైబే సొంతంగా రాసి పెట్టాడని క్లాసులో ఎవరో ఫిర్యాదు చేశారు. ఫలితం ఆపేసి విచారణ వేశారు. తేడా వస్తే పరీక్షలు రద్దు, ఏడాది వృథా, ఎం.ఏ. సీటు గల్లంతు. అమ్మాయికి రెండు రోజులు అన్నం సహించలేదు.

విచారణలో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చున్నారు. పెద్దాయన పేపరు తెరిచి చదవడం మొదలుపెట్టారు. "రెండోది, ఉండండి మాస్టారూ, పొద్దున్నే చదివాను..." కళ్లజోడు సర్దుకుని నాలుగు పేజీలు తిప్పి అక్కడా చదివారు. "మాస్టారూ, దగ్గొస్తే కాస్త అటు తిరిగి దగ్గండి." పక్కనున్న ఆవిడ నవ్వాపుకోలేక నీళ్లు తాగింది.

"ఇదంతా ఎందుకు రాశారండీ?"

"అమ్మాయి చెప్పింది సార్."

"మీకు చరిత్ర వచ్చా?"

"రాదండి. వచ్చినా ఆ పేపర్లో దానికి చోటు లేదండి."

పెద్దాయన ఇంకో రెండు పేజీలు చదివి పేపరు మూసేశారు. "ఎక్కడ తడబడిందో, ఎక్కడ తేరుకుందో అంతా కనిపిస్తూనే ఉంది. ఇది ఎవరి బుర్రో వేరే అడగక్కర్లేదు" అని ఫిర్యాదు కొట్టేశారు.

బయటి వరండాలో అమ్మాయి అడిగింది. "ఇలా జరుగుతుందని మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"స్క్రైబుగా చేరిన కొత్తలో ఒకాయనకి రాశాను. నలభై ఏళ్లకి డిగ్రీ కట్టాడు. చేతులు వణికేవి. ఇది కోర్టు కాదు కదా అని, అతను తడబడ్డ చోటల్లా నేనే చక్కబెట్టాను. ఫస్టు క్లాసు వచ్చింది. ఇలాగే పిలిచి అడిగితే, కొంత నాదేనని ఒప్పుకోక తప్పలేదు. అతని ఏడాది పోయింది. అతనికి అన్నీ వచ్చు అమ్మాయీ. వచ్చని చూపించే ఆనవాలేదీ ఆ పేపర్లో నేను మిగల్చలేదు."

అమ్మాయికి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. అప్పటికప్పుడు ఆయన్ని ఆఫీసుకి లాక్కెళ్లి, అర్జీ రాయమని కూర్చోబెట్టింది.

"రాయండి. ఎం.ఏ. పరీక్షలన్నిటికీ నాకు ఈయన్నే ఇవ్వగలరు. ఇంత మంచి మనిషి నాకు ఇంకెక్కడా దొరకరు. ఇట్లు."

గుమాస్తా అర్జీ అందుకుని పైకి చదివాడు. "ఎం.ఏ. పరీక్షలన్నిటికీ నాకు ఈయన్నే ఇవ్వగలరు. ఇట్లు."

"మధ్యలో ఇంకో వాక్యం ఉండాలే" అంది అమ్మాయి.

"లేదమ్మా. కొట్టేసిన గీత కూడా లేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అక్కడ సరిగ్గా వినపడలేదమ్మాయీ."

అమ్మాయి నవ్వి, అర్జీ తిరిగి ఆయన ముందు పెట్టించి, ఆ వాక్యం మళ్లీ చెప్పింది, ఈసారి ఆఫీసంతా వినేలా. ఎంతసేపు చెవి ఒగ్గినా కాగితం మీద కలం కదిలిన చప్పుడు మాత్రం రాలేదు.