తనిఖీగారి పిలుపు

మిల్లులో నేసిన గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి, పోగు తప్పినచోట సుద్దతో గీత పెట్టడం అతని ఉద్యోగం. గీత పెట్టిన ప్రతిసారీ "ఛీ" అనేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇతనికి జీతంతో వచ్చిన బుద్ధి పెన్షనుతో కూడా పోలేదు. టీకి ఛీ, పేపరుకు ఛీ, అల్లుడికి రెండు ఛీలు. అందరూ అతన్ని తనిఖీ అనే పిలుస్తారు.

ఆ చలికాలం ఉదయం స్నేహితులు బార్బరూ, కాంపౌండరూ పొలాల వెంట నడుద్దామని వచ్చారు. భార్య తన కుక్కను కూడా తీసుకెళ్లమంది.

"అది లేకుండా మాత్రం ఇంటికి రాకండి," అంది. కాపురానికొచ్చాక ఆవిడ అతనికి పెట్టిన షరతు అదొక్కటే.

దారిపొడవునా అతని నోరు ఊరుకోలేదు. మంచు కురుస్తోంది, ఛీ. గట్టు వంకరగా వేశారు, ఛీ. బార్బరు మఫ్లరు పంటినొప్పి కట్టులా ఉందట, కాంపౌండరు నడక పెళ్లికూతురి నడకట. ఇద్దరూ నవ్వేసి ఊరుకున్నారు. అంతంత మాటలు పడి నవ్వేవాళ్లంటే అతనికి మరీ చులకన.

"గొలుసు విప్పు బావా, పాపం, కాసేపు పరిగెత్తనీ," అన్నాడు కాంపౌండరు.

"నా పెంపకం. గీసిన గీత దాటదు," అంటూ విప్పాడు తనిఖీ. పక్క చేలోంచి కొంగ లేచింది. కుక్క దాని వెంటపడి మంచులో మాయమైంది.

"పేరు పెట్టి పిలు," అన్నాడు బార్బరు.

తనిఖీ గొలుసును చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. భార్య దానికి పెట్టిన పేరు బంగారం. అతను ఆ మాట జన్మలో ఎవరినీ అన్న పాపాన పోలేదు.

"కుక్కను పిలవడానికి కూడా సిగ్గేనా నీకు?"

"బం...గారం," అన్నాడు, పంటికింద రాయి పడ్డట్టు మొహం పెట్టి. మళ్లీ అరిచాడు. స్నేహితులూ గొంతు కలిపారు. ఎక్కడా అలికిడి లేదు. ఇక ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి? అతనికి భయం వేసింది. ఆ కంగారులో గట్టు జారి కాలు బురదలో దిగబడింది.

"ఛీ!" అన్నాడు మనస్ఫూర్తిగా.

చేను కదిలింది. కుక్క ఒక్క పరుగున వచ్చి, తోక ఊపుతూ అతని ముందు కూర్చుంది.

కాంపౌండరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంట్లో నువ్వు దాన్నేమని పిలుస్తావో తెలిసిపోయింది బావా! అదే తన పేరనుకుంటోంది!"

"బుద్ధిలేని జంతువు. తిట్టుకీ పిలుపుకీ తేడా తెలీదు," అన్నాడు తనిఖీ, గొలుసు తగిలిస్తూ.

ముగ్గురూ ఇంటికి వచ్చాక అతను గుమ్మం ముందు ఆగి, చెప్పులకంటిన బురద చూసుకుని మళ్లీ "ఛీ" అన్నాడు. కుక్క చెవులు నిక్కబొడుచుకుంది.

"ఆఁ, వస్తున్నానండీ," అంది భార్య వంటింట్లోంచి.

ఈసారి స్నేహితులిద్దరూ నవ్వలేదు.