ఆదివారం నోరు

వారమంతా ఆసుపత్రిలో పరాయి భాషను ఆచితూచి మాట్లాడే నర్సమ్మ నోటికి ఆదివారం సెలవు. సెలవంటే మూసుకోవడం కాదు, విప్పడం. చేతులు కోటు జేబుల్లో దోపుకుని, ఊరు కాని ఊళ్ళో కాళ్ళు ఎటు లాగితే అటు నడుస్తూ, కనబడిన ప్రతివాళ్ళ గురించీ పైకే తెలుగులో అనేస్తుంది. అర్థమయ్యేవాళ్ళు లేరన్న ధీమా. "అబ్బో, ఈవిడ చెప్పులెక్కిందా, నిచ్చెనెక్కిందా!" అని నవ్వుతూ తలూపితే, ఆవిడా మురిసిపోయి తలూపి వెళ్తుంది.

ఆ ఆదివారం నది ఒడ్డున బెంచీ మీద ఒక పెద్దాయన కనిపించాడు. ముక్కుదాకా మఫ్లరు, కనుబొమ్మల్ని మింగేసిన ఊదారంగు టోపీ, దాని మీద కోడిపిల్లంత కుచ్చు. నర్సమ్మ ఆగిపోయింది. "పాపం, ఈయనకెవరో గట్టిగానే టోపీ పెట్టారు!" మఫ్లరు కిందికి జారింది. "మా ఆవిడేనమ్మా. పెళ్ళయిన దగ్గర్నుంచీ పెడుతూనే ఉంది." నర్సమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో, మీరు మనవాళ్ళని తెలీక, బాబాయిగారూ..." అని నసుగుతూ వెనక్కి తిరగబోయింది. ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఎక్కడికమ్మా పారిపోతావు? మా ఇంట్లో తప్ప బయట తెలుగులో తిట్టు విని ఎన్నాళ్ళయిందో! కూర్చో. అదిగో, ఆ కుక్కని చూడు, యజమాని మీసం అరువు తెచ్చుకున్నట్టు లేదూ?" నర్సమ్మ కూర్చుంది. కుక్కనీ, యజమానినీ తేరిపార చూసింది. "లేదు బాబాయిగారూ," అంది, "అరువిచ్చింది కుక్కే."