సవేరియో సన్నకోత

టేలర్ వీధిలో సవేరియో లొరూసో అంత పెద్దమనిషి లేడని చెప్పేవాడు ఒక్కడే ఉండేవాడు. వాడు సవేరియోనే.

ఇటలీలోని బారీ నుంచి ఓడలో వచ్చి షికాగో కబేళాలో చేరాడు. అక్కడ దొరలు వద్దన్న ముదురు మాంసమే మా ఇళ్ళకు వచ్చేది. పెళ్ళిళ్ళలో దాన్ని రొట్టెల బట్టీలో వండి, చల్లార్చి, కాగితంలా కోసి, దాని రసంలోనే ముంచి రొట్టెలో పెట్టేవాళ్ళం. ఒక్క ఎద్దు తొడతో వీధంతా తినేది. పక్కన వేరుశనగ పప్పులు. అందుకే వాటిని పల్లీల పెళ్ళిళ్ళనేవారు.

కూతురు లీనా పెళ్ళికి సవేరియో అలా కోయనివ్వలేదు.

"ఆ దరిద్రపు కోత నా ఇంట వద్దు. వియ్యాలవారు నేపుల్స్ మహాపట్నం వాళ్ళు. వాళ్ళ ముందు నా పరువేం కావాలి? అరచేయి మందాన ముక్క పడాలి."

"నమలడానికి పళ్ళు నువ్విస్తావా?" అంది భార్య నున్జియా.

"నోర్ముయ్యవే. కబేళాలో పనిచేసేది నువ్వా, నేనా?"

కబేళాలో అతని పని తోళ్ళకు ఉప్పు పట్టించడం.

పెళ్ళిరోజు చర్చి కింది గదిలో పొగలు కక్కుతున్న తొడను తనే కోసి వడ్డించాడు. కాసేపటికి పాటలు ఆగాయి. అందరి దవడలూ ఆడుతున్నాయి, ఎవరికీ ముద్ద దిగడం లేదు. పెళ్ళికొడుకు తాత నోట్లోది తీసి చేతిరుమాల్లో చుట్టుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఈ ఎద్దు చచ్చిందని దానికి చెప్పారా?" అంది వియ్యపురాలు ఫిలోమేనా.

లీనా మేలిముసుగు మొహం మీదికి లాక్కుంది. సవేరియో బట్టీవాణ్ణి తిట్టి కుర్చీలో కూలబడ్డాడు.

నున్జియా మిగిలిన తొడలను చర్చి పెరట్లోకి మోయించి, అక్కడ పేరుకున్న మంచులో దించింది. అవి గట్టిపడేదాకా అక్కడే నిలబడింది. తర్వాత అవతలి వెలుగు కనబడేంత పలచగా కోసి, మరుగుతున్న రసంలో ముంచి పంచింది. తాత మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు.

"ఇదెవరి చేతి పని?" అంది ఫిలోమేనా.

సవేరియో లేచాడు. "పద్ధతి నాదేనమ్మా చెల్లెమ్మా. ముందు అది తింటేనే కదా దీని విలువ తెలిసేది!"

నున్జియా కూతురి మొహం చూసి ఊరుకుంది.

ఊరుకుంటే ఏమవుతుంది? ఏడాది తిరక్కుండా వీధి మూలన మాంసం రొట్టెల కొట్టు వెలిసింది, 'సవేరియో కనిపెట్టిన సన్నకోత' అని బోర్డుతో సహా. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు: "ఆ రోజు మంచు చూడగానే నాకు తట్టింది."

"మంచులో నిలబడింది నేను," వెనక మాంసం కోస్తూ నున్జియా అనేది. "తట్టింది మాత్రం లోపల కుర్చీలో ఉన్నాయనకి."

కొట్టు ముందున్న వాళ్ళంతా నవ్వేవారు. సవేరియో వెనక్కి తిరిగేవాడు కాదు.

"ఇంకాస్త పలచగా కొయ్యవే," అనేవాడు.