కప్పుల రంగు, మా నాయన వాటర్ బాటిల్

మా చెల్లెలు జోస్యం చెప్పే టారో కార్డులు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రోజు ఇంట్లో అందరికీ వచ్చిన మొదటి సందేహం, వాటితో రమ్మీ ఆడొచ్చా అని. కుదరదని తేలాక సగం మంది లేచి వెళ్ళిపోయారు. చెల్లెలంటే చిన్నాయన కూతురు. మార్కాపురంలో మాదొక వీధి, వాళ్ళది పక్క వీధి. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, పుస్తకాలకు ఇవ్వని మర్యాదంతా ఫోన్లో వీడియోలకిచ్చి, ఆ ముక్కల అర్థాలన్నీ నేర్చుకుంది.

పేకలో ఉన్నట్టే వాటిలోనూ నాలుగు రంగులు. కర్రలు పట్టుదలకు, కత్తులు తగువులకు, నాణేలు సంపాదనకు. కప్పులు మాత్రం మనసుకు. మన ఆఠీనుకు దగ్గర చుట్టమన్నమాట. ఆ రంగు ముక్కల్లో ఎటు చూసినా నీళ్ళే. ఏరు, సముద్రం, పొంగి పొర్లే గిన్నె. క్యాను నీళ్ళ ఆటో హారన్ కోసం చెవులు రిక్కించి బతికే మా ఊళ్ళో అది కాస్త ఎగతాళిలాగే ఉంటుంది. నా ముక్క ఏదని అడిగితే, కొండ అంచున నిలబడి ఆకాశం చూస్తున్న ఒకణ్ణి చూపించి, "నువ్వు ఏ రంగులోనూ లేవన్నా, జోకరువి" అంది. అందులో ఇంట్లోవాళ్ళకు కొత్త సంగతేమీ లేదు.

తను పనిగట్టుకుని కప్పులనే పట్టుకోవడానికి ఒక కారణం ఉంది.

మా నాయనా చిన్నాయనా కలిసి హార్డ్‌వేర్ దుకాణం నడుపుతారు. దుకాణం కట్టేశాక చిన్నాయన ఇంటి మెట్ల మీద కూర్చుని ఇద్దరూ టీ తాగడం నేను పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. చిన్నాయన మేడ మీద గదులు వేసి పాలు పొంగించిన రోజున అది ఆగిపోయింది. జనం ఎక్కువై స్టీలు గ్లాసులు చాలలేదు. ఆ తొందరలో చిన్నాయన మా నాయనకు పేపరు కప్పులో టీ ఇచ్చాడు. నాయన దాన్ని పిట్టగోడ మీద పెట్టాడు. అట్లాగే వదిలేశాడు. కప్పుకు చీమలు పట్టాయి. ఇంటికొచ్చాక మాత్రం, సొంత అన్నకు పేపరు కప్పా, ఇంక వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టను అన్నాడు. గిద్దలూరు బస్సులు ఆగేచోట రోజూ పొద్దున్నే ఆయన తాగేది పేపరు కప్పులోనే. ఆ సంగతి నేను గుర్తుచేశాను. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉండింది.

మా వైపు ఒకరింట్లో నీళ్ళు ముట్టనన్నారంటే సంబంధం తెగినట్టే. కానీ మా నాయనకు తమ్ముడి మొహం చూడకుండా సాయంత్రం గడవదు. అందుకని మధ్యేమార్గం కనిపెట్టాడు. చంకలో వాటర్ బాటిల్ పెట్టుకుని యథాప్రకారం వెళ్ళేవాడు. చిన్నమ్మ గ్లాసుతో నీళ్ళు తెస్తే, ఇప్పుడే తాగినానని చెప్పి, ఆమె చూస్తుండగానే బాటిల్ మూత తీసి గుక్కెడు తాగేవాడు. రెండిళ్ళకూ క్యాన్లు దించేది ఒకే ఆటో. ముట్టనన్న నీళ్ళూ అవే, మోసుకుపోయిన నీళ్ళూ అవే.

చిన్నాయన కూడా సాయంత్రం టీ మానేశాడు. పొద్దంతా దుకాణంలో మాట్లాడుకున్న పైపుల గురించే ఇద్దరూ మెట్ల మీద మళ్ళీ మాట్లాడుకునేవారు, ఎండిన నోళ్ళతో. పరీక్షలు కాగానే చెల్లెలు ఉద్యోగానికి విజయవాడ పోవాలి. పోయేలోగా ఆ మెట్ల మీద మళ్ళీ రెండు గ్లాసులు చూడాలని తన పంతం. నన్ను సాయం అడగలేదు. నోరు మాత్రం తెరవొద్దని ఒట్టు వేయించుకుంది.

ఒక సాయంత్రం మెట్ల మీద తువ్వాలు పరిచి ముక్కలు కలిపింది. ఇవన్నీ నేను నమ్మను అన్నట్టు మొహం పెట్టి, నాయన మెడ మాత్రం ముందుకు చాచాడు. చెల్లెలు ఒక ముక్క తీసి ఆయన ముందు పెట్టింది. అది అడుగు నుంచి లాగిన ముక్క. రమ్మీలో ఆ పని చేస్తే మా ఇంట్లో ఆట ఆపేస్తారు. నేను చూశాను. నేను చూశానని తనూ చూసింది.

కప్పుల ఐదు. నల్ల శాలువా చుట్టుకున్న మనిషొకడు తలవంచుకుని నిలబడి ఉంటాడు. ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి, వెనక రెండు నిటారుగా ఉంటాయి. ఏరు, దాని మీద వంతెన, అవతల ఇల్లు. పోయినదాన్ని చూసి ఏడుస్తూ ఉన్నదాన్ని చూడనివాడని చెల్లెలు అర్థం చెప్పబోయింది. ఆ అవసరం రాలేదు. నాయన సరుకు పరీక్షించినట్టు ముక్కను కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందమ్మా వీడు? ఎనక రెండు బాగనే నిలబడుండాయి గదా."

"ఉండాయి పెద్దనాయనా."

"బ్రిడ్జి గూడ ఉంది. ఆ పక్క ఇల్లు కనపడతాంది. మెడ తిప్పితే అయిపాయ. ఎప్పట్నుంచి అట్ల నిలబడినాడో, వెర్రిబాగులోడు."

చిన్నాయన తలెత్తకుండా తువ్వాలు అంచు సరిచేస్తున్నాడు. నా నాలుక చివరికి ఒక మాట వచ్చి కూర్చుంది, ఒలికినవి స్టీలువా పేపరువా అని. అంత మంచి మాట నాకు ఏడాదికొకటి దొరకడం కష్టం. మింగేశాను.

నాయన ముక్కను కింద పెట్టాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత ఆయన మెడ మెల్లగా తిరిగింది. వెనక గుమ్మంలో చిన్నమ్మ నిలబడి ఉంది, ఎప్పటిలాగే నీళ్ళ గ్లాసుతో.

"నీళ్ళెందుకులేమ్మా," అన్నాడు. "టీ పెట్టు. వాడిక్కూడ."

టీ స్టీలు గ్లాసుల్లో వచ్చింది. నాయన ఒక గుక్క తాగి చక్కెర ఎక్కువైందన్నాడు. చిన్నమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుందని చెల్లెలు తర్వాత చెప్పింది. పొయ్యి పొగ అందామంటే వాళ్ళది గ్యాసు.

ఆ రంగుకు నీళ్ళని కాకుండా కప్పులని ఎందుకు పేరు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. నీళ్ళు ఎవరింట్లోనైనా నీళ్ళే. ఎవరు, ఏ గ్లాసులో పోసి చేతికిచ్చారన్నదే మనుషులు గుర్తుపెట్టుకుంటారు. ఈ మాట చెల్లెలితో అంటే, జ్వరమేమోనని నా నుదురు పట్టుకుని చూసింది.

తను విజయవాడ పోయింది. తనతోపాటు ముక్కలూ పోయాయి. వాటర్ బాటిల్‌తో మా అమ్మ కరివేపాకు మొక్కకు నీళ్ళు పోస్తోంది. నాయన రోజూ ఆ మెట్ల మీద టీ తాగి, రోజూ చక్కెర ఎక్కువైందంటాడు. చిన్నమ్మ తగ్గించదు. తగ్గిస్తే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మళ్ళీ పైపులే మిగులుతాయి.