ఫోటో వెనుక అంకె

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో, వలస వచ్చిన కార్పొరేషన్ కార్మికుల పిల్లలకు ఆదివారాలు తెలుగు నేర్పిన పంతులమ్మ వద్ద వాచకం ఉండేది కాదు. ఎనభైల్లో యూనియన్ వారు ఇచ్చిన గదిలో, పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన ఫోటోలతోనే పాఠం నడిచేది. ఫోటోను అరచేత్తో కప్పి, వేళ్లు ఒక్కొక్కటే తీస్తూ, "ఇప్పుడేటి అగుపడతంది?" అని అడిగేది. బెంగాలీలో తప్ప నోరు విప్పని పిల్లలు, "అమ్మ చెయ్యి! అమ్మ కోక!" అని తెలుగులో అరిచేవారు.

ఆ తరగతి రికార్డులు చూసేవాణ్ణి నేను. తేదీ, సంఖ్య లేని వస్తువును నేను నమ్మను. ఒకనాడు ఆమె లేని సమయంలో, పిల్లలు తెచ్చి బీరువాలో ఉంచిన ఇరవై మూడు ఫోటోల వెనుక బాల్‌పెన్నుతో వరుస సంఖ్యలు వేశాను. గట్టిగా నొక్కి రాయడం నా అలవాటు. ఆ గాట్లు ముందువైపుకు తేలాయి.

మరుసటి వారం, కూతురు ఇంటికి తీసుకెళ్లిన ఫోటో పట్టుకుని ఒక తండ్రి వచ్చాడు. చనిపోయిన అతని భార్య చెంప మీద పదిహేడు అంకె తిరగబడి కనిపిస్తోంది.

"ఎవలు గీసినారమ్మా? మా ఇంటిదాని ఫోటో ఇదొక్కటే ఉన్నాది."

పంతులమ్మ నా వైపు చూడనైనా లేదు.

"నేనే బాబూ. తప్పయిపోనాది."

పక్కనే ఉన్న నేను బాల్‌పెన్నును జేబులోకి తోసేశాను.

ఆ తరువాత ఎవరూ ఫోటోలు పంపలేదు. ఆమె నల్లబల్ల మీద బొమ్మలు గీసి పాఠం చెప్పేది. బొమ్మలు వేయడం ఆమెకు రాదు. ఆవును గీస్తే పిల్లలు నవ్వి, ఇదేమిటని బెంగాలీలోనే అడిగేవారు.