మూడు ఫోన్ల దూరం

ఐర్లండులో ఆశ్రయం కోరుతూ నవీన పెట్టుకున్న అర్జీని తోసిపుచ్చుతూ వచ్చిన ఉత్తరంలో ఆమె చెప్పింది అబద్ధమని ఎక్కడా లేదు. కులం కాని అబ్రహామును రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకోవడం, నాలుగో నెలలో తండ్రి మనుషులు అతన్ని కొట్టి చంపడం, పోలీసులు దాన్ని లారీ ప్రమాదంగా రాసుకోవడం, స్టూడెంట్ వీసా మీద ఆమె ఇక్కడికి చేరడం, అన్నీ నమ్మారు. కాని ఇండియా పెద్ద దేశమన్నారు. పుణెలోనో కోల్‌కతాలోనో ఉంటే తండ్రికి ఆమె ఆచూకీ దొరకదట.

"దొరుకుతుందని మనం చూపించాలి. అప్పీలంతా దాని మీదే నిలబడి ఉంది," అంది ఆమె కేసు చూస్తున్న లాయరు, సొలిసిటర్.

ఎలా చూపించాలో నవీనకు తోచలేదు. డ్రోహెడా అనే ఊళ్లో, ఆశ్రయం అడిగినవాళ్లకిచ్చే వసతిగృహంలో ఉంటూ, పగలు వృద్ధాశ్రమంలో ముసలమ్మలకు స్నానాలు చేయించేది. డాక్టరు కృష్ణమూర్తిగారి భార్య గిరిజాకుమారి ఇండియన్ కొట్లో పరిచయమై, ఆ ఆదివారమే ఇంటికి పిలిచి గోంగూర పప్పుతో అన్నం పెట్టింది. "తిన్నావా" అని తెలుగులో అడిగే మనిషి లేక అప్పటికి ఏడాది దాటింది. ఆ తరవాత రెండేళ్లలో నవీన ఆమెకు చెప్పకుండా దాచింది ఏమీ లేదు.

విచారణ రోజున గిరిజాకుమారే కారులో డబ్లిన్ తీసుకెళ్లింది. నవీన నడవడిక గురించి సాక్ష్యం చెప్పడానికి తనే ముందుకొచ్చింది.

"మొహం ఎలా పీక్కుపోయిందో చూడు. ఇదిగో, ఇడ్లీ తిను."

"ఆకలి లేదాంటీ."

"అక్కడ కళ్లు తిరిగి పడితే నన్నంటారు. చట్నీ మాత్రం సీటు మీద పడనివ్వకు, కారు ఆయనది." నవీన నవ్వడం చూసి మోకాలు తట్టింది. "అంతా నాకొదిలెయ్. మీ నాన్న సంగతి కూడా."

ఆ చివరి మాట ఏమిటో నవీన అడగలేదు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, అవతల నెరిసిన జుట్టుతో, అప్పీలు వినే ట్రిబ్యునల్ సభ్యురాలు. గిరిజాకుమారి ఇంగ్లీషులో చక్కగానే చెప్పింది. పిల్ల బుద్ధిమంతురాలు, కష్టజీవి. వచ్చిన పని అంతటితో అయిపోయింది. కాని ఆమె లేవలేదు.

"ఇంకో మాట. ఈ అమ్మాయి ఊరికే భయపడుతోంది. నేను వాళ్ల నాన్నగారితో మాట్లాడాను. పదిమందికి తీర్పులు చెప్పే పెద్దమనిషి. ఫోనులో కంటతడి పెట్టుకున్నారు. ఇంటికొస్తే చాలన్నారు."

సభ్యురాలు పెన్ను ఆపింది. "ఆయన నంబరు మీకెలా దొరికింది?"

"అదేమంత పని? ఒంగోల్లో మా పిన్ని కూతురికి చేశాను. అది వాళ్ల ఆడపడుచుకి చేసింది. ఆవిడ మామగారు ఈయనకి కావలసినవాళ్లే. మూడు ఫోన్లు. శనివారం మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఆయనే లైన్లో ఉన్నారు. మావాళ్లలో ఎవరినైనా అలా పట్టుకోవచ్చు."

"ఈమె ఉండే చోటు ఆయనకు చెప్పారా?"

"తండ్రి అడిగితే చెప్పనా?"

సొలిసిటర్ తల వంచుకుని గబగబా రాసుకుంటోంది. కావలసిన సాక్ష్యం దొరికిందని నవీనకు తెలుస్తూనే ఉంది. ఆమె మనసు మాత్రం ఆ ఫోన్ల ఆదివారం దగ్గరే ఆగిపోయింది. ఆరోజు తనూ ఆ ఇంట్లోనే ఉంది. తను వంటింట్లో గారెలు వేస్తుంటే, గిరిజాకుమారి ఫోను తీసుకుని పైకి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపటికి దిగివచ్చి, ఎన్నడూ లేనిది, తల నిమిరింది.

బయట వరండాలో నవీన అడిగింది: "ఎందుకాంటీ?"

"నీ మంచికేనే. ఎన్నాళ్లని ఈ ముసలాళ్లకి ఊడిగం చేస్తావు? పోయినవాడు ఎటూ పోయాడు."

"పోలేదు. చంపారు."

"ఆయన అలా అనలేదే."

నవీన కారెక్కలేదు. రైల్లో వెళ్లి, తండ్రికి ఈ చోటు తెలిసిపోయిందని వసతిగృహంలో చెప్పి, ఆ వారమే దూరంగా ఉన్న లిమరిక్ ఊరికి వసతి మార్పించుకుంది.

అప్పీలు గెలిచినట్టు ఆరో వారంలో ఉత్తరం వచ్చింది. తీర్పులో ఆ మూడు ఫోన్లకే ఒక పేరా కేటాయించారు. అన్నం పెట్టిన చెయ్యి కదా అని, నవీన గిరిజాకుమారికి ఒక మెసేజి పెట్టింది. నిమిషంలో ఫోను మోగింది.

"చూశావా, నా సాక్ష్యమే నిన్ను గట్టెక్కించిందని డాక్టరుగారు కూడా అన్నారు. ఇంతకీ ఎక్కడున్నావే? నీ చీరలు రెండు మా ఇంట్లోనే ఉండిపోయాయి. అడ్రెస్ చెప్పు, పంపిస్తా."

"మీరే ఉంచుకోండాంటీ," అంది నవీన.