తెలుగు అంటే తెలొక్ గోంగ్

ఈ మలయ్ దేశంలో ఇల్లు అద్దెకు కావాలని ఫోన్ చేస్తే అవతలివాళ్ళు మొదట అడిగేది జీతం గురించి కాదు, ఎంతమంది ఉంటారనీ కాదు. ‘బంగ్సా అపా?’ అంటారు. ఏ జాతి అని. మలయ్, చైనా, ఇండియా. బడిలో చేరిన రోజు నుంచి మా అందరికీ ఈ మూడు గదులే. వీటిలో పట్టనివాళ్ళకు ‘లాయిన్ లాయిన్’, అంటే ఇతరులు, అని ఇంకో గది. పార్టీలూ అలాగే, బడులూ అలాగే, చివరికి శ్మశానాలూ అలాగే. ఎన్నికలప్పుడు మాత్రం అన్ని రంగుల మొహాలూ ఒకే బోర్డు మీద నవ్వుతూ మనమంతా ఒక్కటే అంటాయి. ఓట్ల లెక్క తేలాక ఆ బోర్డు విప్పేస్తారు. నాకు కోపం లేదని చెబితే అది అబద్ధం.

మా అమ్మకు ఆ మూడు గదులూ చాలవు. ఆమె బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పుట్టింది. తెల్లదొరలు వెళ్ళిపోయాక కూడా వాళ్ళు కట్టించిన కూలీల ఇళ్ళ వరసలు అలాగే ఉండేవి. తమిళులకొక వరస, తెలుగువాళ్ళకొక వరస. మలయ్ వాళ్ళు తోట బయట పల్లెలో, చైనావాళ్ళు దుకాణాల వీధిలో, మేనేజరు గుట్ట మీద బంగళాలో. తోట పోయి మేము క్లాంగ్ పట్నం వచ్చేసినా అమ్మ తన వరసను వెంట తెచ్చుకుంది. ఆస్పత్రిలో నర్సు ‘ఇండియా’ అంటే ‘తెలుగు’ అని దిద్దుతుంది. దుకాణంలో ఎవరైనా తమిళులా అని అడిగితే, అదే తమిళంలో, వాళ్ళకంటే చక్కగా, కాదని చెబుతుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను ఎగతాళి చేసేదాన్ని.

“నీకేటి తెలుసే? మా తాత ఓడెక్కినప్పుడూ తెలుగోడే, దిగినప్పుడూ తెలుగోడే” అనేది.

మేమిద్దరం ఉంటున్న ఫ్లాటును ఓనరు అమ్మేశాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లు లేని ఇల్లు కావాలి. ఫ్యాక్టరీ ఆఫీసులో మధ్యాహ్నం భోజనం మానేసి ఫోన్లు చేసేదాన్ని. నేను ‘ఇండియా’ అనగానే ఆ ఇల్లు అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉండేవారు. ఇంత త్వరగా ఇళ్ళు అద్దెకు పోయే ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఇల్లు దొరికినాది లా! బజారుకెల్తే గేటుకి బోర్డు కనిపించినాది. నేనే ఫోన్ సేసినాను.”

“ఏ జాతని అడగలేదా?”

“ఎందుకడగదు ఆ ఇంటావిడ? ఒరాంగ్ తెలుగు, తెలుగోళ్ళం, అని సెప్పినాను. ఎంత సంతోసపడినాదో! మీ కాడ పీతలు సానా బాగుంటాయి, ఆదివారాలు తినడానికి వస్తాను అన్నాది. రేపొచ్చి ఇల్లు సూడమన్నాది.”

నాకు వింతగానే అనిపించింది. తెలుగు అనే మాట విని ఈ ఊళ్ళో సంతోషపడినవాళ్ళను నేను ఎన్నడూ చూడలేదు. అయినా అమ్మ మొహం చూశాక గుచ్చి గుచ్చి అడగాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ పీతలు తెప్పించి, మిరియాలు దంచి, చింతపండు పులుసు పెట్టింది. ఆ పులుసును క్యారియర్‌లో సర్దింది. ఒట్టి చేతులతో ఎలా వెళ్తాం అంది.

ఇల్లు బాగుంది. వీధిలోంచి నేరుగా లోపలికి నడిచి వెళ్ళొచ్చు, ఒక్క మెట్టు లేదు. ఇంటావిడ చైనా ఆంటీ, మా అమ్మ ఈడుదే. తాళంచెవి పట్టుకుని చకచకా గేటు దాకా వచ్చి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది. తెలొక్ గోంగ్ నుంచి వస్తామన్నవాళ్ళు ఏరి అని మలయ్‌లో అడిగింది.

అప్పుడు వెలిగింది నాకు. తెలొక్ గోంగ్ క్లాంగ్ పక్కన సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పీతలు తినడానికి ఆదివారాలు జనం కార్లేసుకుని అక్కడి చైనావాళ్ళ హోటళ్ళకు వెళ్తారు. అమ్మ ‘ఒరాంగ్ తెలుగు’ అంటే ఆవిడ ‘ఒరాంగ్ తెలొక్ గోంగ్’ అనుకుంది. తెలుగు అనే మాట ఆవిడ చెవిన ఎప్పుడూ పడనే లేదు.

ఇల్లు నిన్ననే ఇచ్చేశాను అంది, నేల చూస్తూ.

“మరి ఆ తాళంచెవి ఎందుకు తెచ్చారు?” అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

ఆవిడ చెడ్డమనిషి కాదు, అబద్ధం ఆడడం చేతకాలేదు. ఇండియావాళ్ళకు ఇవ్వొద్దని తన కొడుకు అన్నాడనీ, మసాలా వాసన గోడలకు పట్టేస్తుందన్నాడనీ చెప్పింది. క్యారియర్ వైపు మాత్రం చూడలేదు.

అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. “కామీ బుకాన్ ఇండియా. కామీ తెలుగు” అంది. మేం ఇండియావాళ్ళం కాదు, తెలుగువాళ్ళం అని.

“సమ సాజా లా” అంది ఆవిడ. రెండూ ఒకటేగా అని.

జీవితమంతా అమ్మ ఆ మాటను తల ఎత్తి చెప్పగా విన్నాను. ఆ రోజు బతిమాలుతూ చెప్పింది. నాకు సిగ్గు వేసింది. ఇవ్వనన్న మాట పక్క వరసవాళ్ళకు వర్తించాలి, మాకు కాదు అనేగా దాని అర్థం! గీతలు గీసింది ఆ ఆంటీ ఒక్కతేనా?

తిరిగి వస్తుంటే కారునిండా పులుసు వాసన. నేను అద్దం దించబోయాను.

“దించకే. బైటోళ్ళకి వాసనెల్తాది” అంది అమ్మ.

అద్దాలు వేసుకునే ఇంటికి వచ్చాం.

ఆ తరువాతి వారం ఇంకో ఇల్లు చూశాం. ఓనరు తమిళాయన, రిటైరై ఆ పక్కింట్లోనే ఒక్కడూ ఉంటున్నాడు. గదులు చూపించాడు, కుళాయిలు తిప్పి చూపించాడు, అమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు. అద్దె కుదిరాక మాటల్లో మాటగా, “నీంగ తమిళ్ దానే, అమ్మా?” అన్నాడు. మీరు తమిళులే కదా అని.

జవాబు నాకు కంఠతా వచ్చు. చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆమా ఐయా. తమిళ్ దాన్” అంది. అవునయ్యా, తమిళులమే అని.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగుతుంది, నేను చూశాను.

“తెలుగంటే మాత్రం ఆయన కాదంటాడా ఏటి?” అని కారెక్కాక అడిగాను.

“ఏమో. ఇంకో గేటు కాడ నిలబడనేను” అంది.

ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నాం. అమ్మ మోకాళ్ళకు సుఖంగా ఉంది. ఆయన మంచివాడు, గోడ మీదుగా మునగాకు అందిస్తాడు. నిజం చెప్పేయమ్మా, ఆయన నవ్వుతాడు అంతే అని ఎన్నిసార్లు చెప్పానో. అమ్మ వింటుంది. ఆయన పెరట్లో ఉంటే నన్ను తమిళంలో పిలుస్తుంది.

మొన్న ఆఫీసు నుంచి వస్తూ వీధిలోంచే, “అమ్మా, ఏటి సేస్తన్నావు?” అని కేకేశాను. ఆయన గోడ అవతల మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. అరిగిన మోకాళ్ళతో అమ్మ అంత వేగంగా రావడం ఈ మధ్య చూడలేదు. వచ్చి అరచేత్తో నా నోరు మూసింది.

“మెల్లగా మాటాడే. ఇల్లు పోతాది” అంది.